డ్రైవర్ లేని బండ్లను మనుషుల అవసరాలను బట్టి వర్గీకరించడం ఎలా?

బెంగళూరులో మారతహళ్లి, వైట్‌ఫీల్డ్ వైపు ఉండే మన తెలుగు పిల్లలు నెలకోసారైనా నన్ను అడిగే ప్రశ్న ఒకటుంది. కొందరు ఎంటెక్ ప్రాజెక్టు చేస్తుంటారు, కొందరు ఆటోమోటివ్ సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో కొత్తగా చేరినవాళ్లు. "సెల్ఫ్ డ్రైవింగ్ బండ్లను రకాలుగా విడగొట్టి టేబుల్ వేయమన్నారన్నా. లెవెల్ 0 నుంచి 5 వరకు రాసి ఇచ్చాను. ఇది చాలదంటున్నారు. ఇంకేం రాయాలి?" ఒక్కొక్కరికీ ఫోన్‌లో చెప్పీ చెప్పీ, చివరికి పద్ధతి మొత్తం ఒకచోట రాస్తున్నాను.

చాలదన్నవాళ్లు సరిగ్గానే అన్నారు. లెవెళ్లు తప్పని కాదు. ఎస్ఏఈ అనే ఇంజినీర్ల సంస్థ 2014లో జె3016 పేరుతో వాటిని నిర్వచించింది, 2021లో కూడా సవరించింది. కానీ అవి ఒక్క ప్రశ్నకే జవాబు చెబుతాయి: నడిపే పనిలో మనిషి వాటా ఎంత, బండి వాటా ఎంత? (0 అంటే అంతా మనిషే, 5 అంటే అంతా బండే.) సిల్క్ బోర్డ్ కూడలి దగ్గర రోడ్డు దాటే ముసలాయనకు ఆ జవాబుతో పనిలేదు. ఆయనకు కావాల్సింది ఒక్కటే: అది నన్ను చూసిందా లేదా?

కొన్నేళ్ల కిందట ఒక టెక్ పార్క్ లోపల తిప్పే షటిల్ కోసం నేనూ ఇలాంటి టేబుల్ వేశాను. కెమెరాలెన్ని, లైడార్ (లేజర్‌తో దూరాలు కొలిచే పరికరం) ఉందా లేదా, లెవెల్ ఎంత, అన్నీ రాశాను. ట్రయల్ రోజు గేటు దగ్గరున్న సెక్యూరిటీ ఆయన, అనంతపురం మనిషి, అడిగాడు: "సార్, ఇది మధ్యలో ఆగిపోతే నేనెవరికి ఫోన్ చేయాలి? చేత్తో నెట్టొచ్చా?" ఆ ప్రశ్నకు నా టేబుల్లో ఒక్క గడి కూడా లేదు. అప్పటినుంచి నేను పని మొదలుపెట్టేది మనుషుల దగ్గర. బండి దగ్గరికి తర్వాత వస్తాను.

ఒక్క మాట ముందే. స్టేక్‌హోల్డర్ అన్న మాటను "వాటాదారు" అని రాయకండి, షేర్లు కొన్నవాళ్లే గుర్తొస్తారు. నేను "సంబంధీకులు" అంటాను. బండి వల్ల మేలో కీడో జరిగే ప్రతి మనిషీ సంబంధీకుడే, ఆ బండి ఎక్కినా ఎక్కకపోయినా.

ఏమేం కావాలి

- ఒక నోట్‌బుక్, రెండు రంగుల పెన్నులు, రెండు మూడు కట్టల స్టిక్కీ నోట్స్
- ఏదైనా స్ప్రెడ్‌షీట్ (ఫోన్‌లోది చాలు)
- వర్గీకరించాల్సిన 5 లేదా 6 వాహన డిజైన్లు. మొదటిసారి చేసేవాళ్లు 6 దాటకండి
- ఒక కూడలి దగ్గర గంటసేపు నిలబడే ఓపిక
- మీ టేబుల్ గురించి ఏమీ తెలియని ఒక స్నేహితుడు, చివర్లో పరీక్షకు
- మొత్తం సమయం: రెండు పూటలు

1. ఈ టేబుల్ చూసి ఎవరు ఏం తేల్చుకుంటారో ఒక్క వాక్యంలో రాయండి

"సెల్ఫ్ డ్రైవింగ్ వాహనాల వర్గీకరణ" అన్నది శీర్షిక మాత్రమే. దాని వెనక ఒక ప్రశ్న ఉండాలి. "మా క్యాంపస్‌లో ఏ తరహా షటిల్‌ను అనుమతించాలో ఎస్టేట్ మేనేజర్ తేల్చుకోవాలి" అనో, "ఏ తరహా కారుకు ఏ ప్రమాదంలో ఎవరు జవాబుదారో ఇన్సూరెన్స్ టీమ్ తేల్చుకోవాలి" అనో రాయండి. వాక్యం కుదరకపోతే ముందుకు వెళ్లకండి. ఇక్కడ తొందరపడితే ఏడో అడుగులో ఇరుక్కుంటారు.

2. రోడ్డు పక్కన గంటసేపు నిలబడి, కనిపించిన ప్రతి మనిషినీ రాసుకోండి

అందరూ ఎగ్గొట్టేది ఈ అడుగే. ఏసీ గదిలో కూర్చుని రాస్తే ప్రయాణికుడు, కంపెనీ, ప్రభుత్వం, పాదచారి అని నలుగురే తేలతారు. పొద్దున ఎనిమిదిన్నరకు మారతహళ్లి బ్రిడ్జి దగ్గర అవుటర్ రింగ్ రోడ్డు సర్వీస్ రోడ్డు మీద నిలబడితే మీ నోట్‌బుక్కులో కనీసం ఇవి ఉంటాయి: బస్సు ఆగకముందే దిగేవాళ్లు, రాంగ్ సైడులో వచ్చే స్కూటర్, ఫుట్‌పాత్ మీదికెక్కిన డెలివరీ కుర్రాడు, నీళ్ల ట్యాంకర్ డ్రైవర్, చెత్త ఆటోవాళ్లు, తోపుడు బండి, పూలమ్మే ఆవిడ, స్కూల్ వ్యాన్ కోసం పిల్లాడి చేయి పట్టుకుని నిలబడ్డ అమ్మమ్మ, వెనకాల సైరన్ వేసుకుని చిక్కుకుపోయిన అంబులెన్స్, సిగ్నల్‌ను పట్టించుకోకుండా తన చేతి సైగలతో ట్రాఫిక్ నడిపించే కానిస్టేబుల్.

చూసింది రాసుకున్నాక ఇద్దరు ముగ్గురితో మాట్లాడండి. ఆ చుట్టుపక్కల మన చిత్తూరు, మదనపల్లె, హిందూపురం వైపు నుంచి వచ్చినవాళ్లు చాలామందే ఉంటారు, భాష ఇబ్బంది రాదు. నేను పూలమ్మే ఆవిడను, "అక్కా, డ్రైవర్ లేని బండి వస్తే నీకేం ఇబ్బంది?" అని అడిగాను. "డ్రైవర్ ఉంటే కళ్లల్లోకి చూసి చేయి చూపిస్తాను నాయనా, ఆపుతాడు. ఎవరూ లేని బండికి చేయి ఎవరికి చూపించేది?" అంది. ఆ ఒక్క మాట నా టేబుల్లో ఒక నిలువు వరస అయింది.

ఇప్పుడు ఆ మనుషులందరినీ నాలుగు బుట్టల్లో వేయండి.

బండి లోపల ఉండేవాళ్లు: డ్రైవర్ సీట్లో మనిషి, ప్రయాణికుడు, చూపు లేనివాళ్లు, వీల్‌చైర్‌లో వచ్చేవాళ్లు, ఒంటరిగా ప్రయాణించే ఆడపిల్ల.

బండి పక్కన ఉండేవాళ్లు: నడిచేవాళ్లు, బైకులు, ఆటోలు, బస్సు డ్రైవర్, వీధి వ్యాపారి, కానిస్టేబుల్.

బండి వెనక ఉండేవాళ్లు: యజమాని, దూరం నుంచి స్క్రీన్ మీద గమనించే ఆపరేటర్, మెకానిక్, సాఫ్ట్‌వేర్ రాసినవాళ్లు, ఈ బండి వల్ల పని పోయే డ్రైవర్. ఈ చివరి మనిషిని వదిలేయకండి. కేంద్ర మంత్రి నితిన్ గడ్కరీ డ్రైవర్ లేని కార్లను ఇక్కడ అనుమతించబోమని 2017 నుంచి పలుమార్లు చెప్పడానికి ఆయన చూపిన కారణం ఆ ఉద్యోగాలే.

బండి తర్వాత వచ్చేవాళ్లు: ప్రమాదం జరిగాక వచ్చే పోలీసు, ఫైర్ సిబ్బంది, అంబులెన్స్ వాళ్లు, ఇన్సూరెన్స్ సర్వేయర్, కోర్టు. నేను చూసిన విద్యార్థుల టేబుళ్లలో ఎక్కువగా ఖాళీగా ఉండేది ఈ నాలుగో బుట్టే.

జాగ్రత్త: ట్రాఫిక్‌కు వీపు పెట్టి నిలబడకండి, అనుమతి అడగకుండా మనుషుల ఫొటోలు తీయకండి. నోట్‌బుక్ చాలు.

వెళ్లడం కుదరకపోతే: ఐఐఐటీ హైదరాబాద్, ఇంటెల్ కలిసి 2018లో తెచ్చిన ఇండియా డ్రైవింగ్ డేటాసెట్ చూడండి. హైదరాబాద్, బెంగళూరు, వాటి పొలిమేరల రోడ్ల మీద తీసిన 10,000 చిత్రాలను 34 రకాలుగా గుర్తు పెట్టారు. ఆటోకు, జంతువులకు కూడా విడిగా గుర్తులున్నాయి. వంద చిత్రాలు తిప్పి చూసినా జాబితా బాగానే వస్తుంది. మనిషి గొంతు మాత్రం అందులో వినపడదు, కనీసం ఒక ఆటో డ్రైవర్‌తోనైనా మాట్లాడండి.

3. ప్రతి మనిషి అవసరాన్నీ ఒకే అచ్చులో రాయండి

అచ్చు ఇది: *ఎవరు, ఏ సమయంలో, ఏం చేయగలగాలి లేదా తెలుసుకోగలగాలి, లేకపోతే ఏమవుతుంది.*

స్టిక్కీ నోటుకు ఒకటి చొప్పున రాయండి. నావి కొన్ని:

- కర్ర పట్టుకుని నడిచే పెద్దావిడ, రోడ్డు సగం దాటాక, బండి తనను చూసిందని తెలుసుకోగలగాలి. లేకపోతే మధ్యలో నిలబడిపోతుంది.
- కానిస్టేబుల్, సిగ్నల్ పనిచేయనప్పుడు, చేయి చూపి బండిని ఆపగలగాలి. లేకపోతే కూడలి మొత్తం జామ్ అవుతుంది.
- చూపు లేని ప్రయాణికుడు, బండి దారిలో ఆగినప్పుడు, ఎందుకు ఆగిందో వినగలగాలి. లేకపోతే టెన్షన్‌లో తలుపు తీసి ట్రాఫిక్‌లోకి దిగుతాడు.
- ఫైర్ సిబ్బంది, ప్రమాదం తర్వాత, బండి మళ్లీ కదలదని ఖాయం చేసుకోగలగాలి. లేకపోతే దాని ముందు నిలబడి పని చేయలేరు.
- సర్వేయర్, ఢీకొన్న క్షణంలో నడుపుతున్నది మనిషా బండా అని తెలుసుకోగలగాలి; లేకపోతే క్లెయిమ్ ఎవరి మీద పడాలో తేలదు.
- మెకానిక్, ముందు అద్దం మార్చాక, కెమెరాను మళ్లీ కాలిబ్రేట్ చేయాలని (గురి సరిచూడాలని) తెలుసుకోగలగాలి. లేకపోతే బండి లేన్‌ను తప్పుగా చూస్తుంది.

ఇక్కడ జరిగే తప్పు ఒక్కటే, కానీ పెద్దది. అవసరం రాయమంటే పరిష్కారం రాస్తారు. "పాదచారికి లైడార్ కావాలి" అని ఎంతమంది రాసి తెచ్చారో! ఏ పాదచారీ లైడార్ అడగడు. నోటు మీద ఏదైనా పరికరం పేరు కనబడితే కొట్టేసి, "అది ఎందుకు?" అని అడిగి వచ్చిన జవాబు రాయండి.

20 నుంచి 30 నోట్లు వచ్చేదాకా రాయండి. నాలుగో బుట్ట నుంచి కనీసం 5 ఉండాలి.

4. నోట్లను గుంపులుగా పేర్చి, ముఖాలు తీయండి

గోడ మీద నోట్లన్నీ అంటించండి. ఒకే డిజైన్ నిర్ణయంతో తీరే అవసరాలను దగ్గరికి చేర్చండి. ప్రతి గుంపూ వర్గీకరణలో ఒక "ముఖం" (ఇంగ్లీషులో ఫేసెట్, అంటే బండిని చూసే ఒక కోణం) అవుతుంది.

ముఖం అన్న ఊహ మన పక్కనే పుట్టింది. మద్రాసు విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో పనిచేసిన ఎస్.ఆర్. రంగనాథన్ 1933లో కోలన్ వర్గీకరణ పద్ధతిని ప్రచురించారు. ఒక పుస్తకాన్ని ఒకే మెట్ల వరసలో ఎక్కడో ఇరికించకుండా, దాని విషయాన్ని వేర్వేరు ముఖాలుగా విడగొట్టి, ఒక్కో ముఖానికి ఒక్కో గుర్తు ఇచ్చి, వాటిని కలిపి సంఖ్య కట్టడం ఆ పద్ధతి. తర్వాత ఆయన బెంగళూరుకు వచ్చి 1962లో ఇక్కడి ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో డాక్యుమెంటేషన్ పరిశోధన, శిక్షణ కేంద్రాన్ని నెలకొల్పారు. పుస్తకాల కోసం పుట్టిన ఈ పద్ధతి బండ్లకు ఇంత బాగా అతకడం చూసినప్పుడల్లా నాకు ఆయన మీద గౌరవం పెరుగుతూనే ఉంటుంది. లెవెళ్లు ఒక నిచ్చెన. మనకు కావాల్సింది పక్కపక్కన నిలబడే ముఖాలు.

నా నోట్ల నుంచి ఆరు వచ్చాయి. మీకు ఐదు రావచ్చు, ఏడు రావచ్చు. ఎనిమిది దాటితే రెండిటిని కలపండి.

బాధ్యత: ఎవరు రోడ్డు చూస్తుండాలి, బండి చేతులెత్తేస్తే ఎవరు అందుకోవాలి?
చోటు: అది ఏ రోడ్ల మీద తనంతట తాను నడవగలదు?
లోపల: బండిలో ఎవరుంటారు?
మాట: బయటివాళ్లతో ఏం చెబుతుంది, వాళ్లు చెప్పేది అందుకుంటుందా?
ఆగడం: ఇబ్బంది వస్తే ఎక్కడ, ఎలా ఆగుతుంది?
సాక్ష్యం: ఏం జరిగిందో రికార్డు ఎవరికి దొరుకుతుంది?

లెవెల్ ఎక్కడికి పోయిందని అడగొచ్చు. మొదటి ముఖంలో ఒదిగిపోయింది. అది ఉండాల్సిన చోటు అదే.

5. ప్రతి ముఖానికీ విలువలు నిర్వచించండి

మూడు విలువలు చాలు. ఒక్కోదానికి ఒక్క వాక్యం రాయండి, రెండు అర్థాలు రాకూడదు.

- బాధ్యత: 1 – మనిషి ఎప్పుడూ రోడ్డు చూస్తుండాలి (లెవెల్ 2 వరకు). 2 – చూడక్కర్లేదు, బండి పిలిస్తే అందుకోవాలి (లెవెల్ 3). 3 – బండే సురక్షితంగా ఆగాలి, మనిషిని నమ్ముకోకూడదు (లెవెల్ 4, 5).
- చోటు: 1 – గేటు లోపల. 2 – నడిచేవాళ్లు, ఎదురొచ్చే బండ్లు లేని రోడ్డు. 3 – అందరూ కలిసిపోయే రోడ్డు.
- లోపల: 1 – డ్రైవర్ సీట్లో మనిషి. 2 – ప్రయాణికులు మాత్రమే. 3 – సరుకు మాత్రమే.
- మాట: 0 – తాను నడుపుతున్నట్టు బయటికి తెలియదు. 1 – లైటుతోనో శబ్దంతోనో చెబుతుంది. 2 – చేతి సైగ, బటన్ లాంటివి అందుకుంటుంది కూడా.
- ఆగడం: 0 – మనిషే ఆపాలి. 1 – ఉన్న లేన్‌లోనే ఆగుతుంది. 2 – పక్కకు తీసుకెళ్లి ఆగుతుంది.
- సాక్ష్యం: 0 – రికార్డు లేదు. 1 – కంపెనీ దగ్గరే. 2 – నియమం ప్రకారం అధికారులకు అందుతుంది.

అన్నిటికంటే ముఖ్యమైన హెచ్చరిక ఇది: ఈ అంకెలు మార్కులు కావు. 2 అంటే 1 కన్నా మెరుగని అర్థం కాదు. 2023 అక్టోబర్ 2న శాన్‌ఫ్రాన్సిస్కోలో జరిగింది గుర్తుంచుకోండి. మనిషి నడుపుతున్న ఒక కారు పాదచారిని ఢీకొట్టి, క్రూజ్ సంస్థ డ్రైవర్ లేని టాక్సీ దారిలో పడేసింది. ఆ టాక్సీ కూడా ఆమెను ఢీకొని ఆగింది. ఆ తర్వాత పక్కకు తీసుకెళ్లి ఆగాలన్న తన నియమం ప్రకారం మళ్లీ కదిలి, కిందున్న మనిషిని సుమారు 20 అడుగులు ఈడ్చింది. మామూలు రోజున పక్కకు జరగడం బస్సు డ్రైవర్‌కు, కానిస్టేబుల్‌కు మేలే. ఆ రోజు అదే ఒక ప్రాణం మీదికి తెచ్చింది. అందుకే "ఆగడం 2" అన్న గడి పక్కన ఎప్పుడూ ఒక ప్రశ్న రాసుకోండి: కింద మనిషి లేడని దానికెలా తెలుస్తుంది?

6. డిజైన్లను గళ్లలో నింపండి

అడ్డం వరసల్లో బండ్లు, నిలువు వరసల్లో ముఖాలు. నా ఉదాహరణ (అన్ని బండ్లకూ అంకెలు మొదటి బండి వరసలోనే):

అ. లెవెల్ 2 ఏడాస్ (డ్రైవర్‌కు సాయం చేసే సిస్టమ్) ఉన్న సొంత కారు: బాధ్యత 1, చోటు 3, లోపల 1, మాట 0, ఆగడం 0, సాక్ష్యం 1.
ఆ. హైవే ట్రాఫిక్‌కు లెవెల్ 3 కారు: 2, 2, 1, 0, 1, 2.
ఇ. ఊళ్లో తిరిగే డ్రైవర్ లేని టాక్సీ: 3, 3, 2, 2, 2, 2.
ఈ. టెక్ పార్క్ షటిల్: 3, 1, 2, 1, 1, 1.
ఉ. ఫ్యాక్టరీలో ట్రాలీలు లాగే బండి: 3, 1, 3, 1, 1, 1.

‘ఆ’ తరహాకు మెర్సిడెస్ డ్రైవ్ పైలట్‌ను చూడొచ్చు. 2022లో జర్మనీలో అమ్మకానికి వచ్చినప్పుడు ఆటోబాన్ (అక్కడి హైవే) మీద గంటకు 60 కిలోమీటర్ల లోపే పనిచేసేది. ‘ఇ’ తరహాకు అమెరికా సంస్థ వేమో. 2020 అక్టోబర్ నుంచి ఫీనిక్స్‌లో డ్రైవర్ లేకుండా జనాన్ని ఎక్కించుకుంటోంది. ‘ఉ’ తరహా బండ్లు మన బెంగళూరులోనే తయారవుతున్నాయి, అతి మోటార్స్ వాళ్ల షెర్పా అలాంటిదే.

నింపేటప్పుడు రెండు చోట్ల దాదాపు అందరూ జారిపడతారు.

మొదటిది చోటు. "లెవెల్ 2 కారును హైవే మీదే వాడమని కంపెనీ చెప్పింది కదా, చోటు 2 కాదా?" అంటారు. కాదు. బ్రోచర్ చూసి గడి నింపకండి, స్విచ్ చూసి నింపండి. ఎలక్ట్రానిక్ సిటీ ఫ్లైఓవర్ మీద ఆన్ చేసిన అదే ఫీచర్, కిందికి దిగి బొమ్మనహళ్లి సందులో కూడా ఆన్ అవుతుందా? అయితే చోటు 3. ఆ సందులో నడిచే మనిషికి బ్రోచర్‌లో ఏముందో తెలియదు. లెవెల్ 3 కారు అలా కాదు, హద్దు దాటితే తానే పని చేయనంటుంది.

రెండోది షటిల్‌లో అటెండెంట్. లోపల ఒక కుర్రాడు కూర్చుని ఉంటాడు. అతను టికెట్లు చూసి, పెద్దవాళ్లకు చేయి అందించేవాడైతే బాధ్యత 3. కానీ ఎర్ర బటన్ మీద వేలు పెట్టుకుని ముందుకు చూస్తూ ఉండాలంటే అది బాధ్యత 1, బండి మీద ఎంత పెద్ద అక్షరాలతో "డ్రైవర్‌లెస్" అని రాసినా సరే. అతని డ్యూటీ కాగితం అడిగి చదవండి.

ఏదైనా గడి తేలకపోతే ఊహించి నింపకండి, ప్రశ్నార్థకం పెట్టండి. ఖాళీని ఒప్పుకున్న టేబుల్‌నే నమ్ముతాం.

7. ఒక్కో సంబంధీకుడి కళ్లతో అవే బండ్లను మళ్లీ గుంపులు కట్టండి

ఇంతవరకు చేసిన పని అంతా ఇందుకోసమే. ఒకే టేబుల్, కానీ చూసే మనిషిని బట్టి గుంపులు మారిపోతాయి. ప్రతి మనిషికీ సంబంధించిన ముఖాలు రెండో మూడో మాత్రమే తీసుకుని, బండ్లను ఆ మేరకే విడగొట్టండి.

సర్వేయర్‌కు బాధ్యత, సాక్ష్యం చాలు. ఆయన కళ్లకు ‘అ’ ఒక గుంపు, ‘ఆ’ ఇంకో గుంపు, మధ్యలో గోడంత తేడా. లెవెల్ 3 కార్ల మీద ఐక్యరాజ్యసమితి చేసిన 157వ నిబంధన ప్రకారం, మామూలుగా బండి పిలిచాక మనిషి అందుకోవడానికి కనీసం 10 సెకన్లు ఇచ్చాకే అది తనంతట తాను ఆగే ప్రయత్నం మొదలుపెట్టాలి. ఆ 10 సెకన్లలో ఏదైనా జరిగితే ఎవరిది తప్పు అన్నదే ఆయన ప్రశ్న.

పూలమ్మే అక్కకు చోటు, మాట ముఖ్యం. ఆమె కళ్లకు ‘ఈ’, ‘ఉ’ అసలు లేవు, అవి గేటు దాటి రావు. ‘అ’, ‘ఆ’ రెండూ బయటికి ఒకేలా కనబడతాయి, డ్రైవర్ సీట్లో మనిషి ఉంటాడు. ‘ఆ’ కారు ఆమె ఉండే రోడ్డు మీద తనంతట తాను నడవదు, కానీ ఆ సంగతి బయటి నుంచి ఆమెకు తెలియదు, కాబట్టి ఏ కారులోనైనా ఆ మనిషి ఆమెను చూస్తున్నాడని నమ్మే వీల్లేదు. సర్వేయర్‌కు గోడంత తేడా ఉన్న చోట ఆమెకు ఏ తేడా కనబడదు. టేబుల్‌లో ఇలాంటి చోటు దొరికితే ఎర్ర పెన్నుతో చుట్టండి, అసలు డిజైన్ సమస్య అక్కడే ఉంటుంది. ఈ కారణంతోనే బండి తనంతట తాను నడుస్తోందని బయటికి చెప్పే నీలి ఆకుపచ్చ లైట్లకు 2023 డిసెంబర్‌లో మెర్సిడెస్ కాలిఫోర్నియా, నెవాడాల్లో అనుమతి తెచ్చుకుంది.

మా అమ్మకు మోకాళ్ల నొప్పులు. ఆమె కళ్లతో చూస్తే లోపల, ఆగడం అన్న రెండు ముఖాలే. "లేన్ మధ్యలో ఆపి దిగమంటే నేనెక్కడ దిగేదిరా" అంటుంది. మీ ఇంట్లో పెద్దవాళ్లను అడిగి చూడండి.

గేటు దగ్గరి సెక్యూరిటీ ఆయనకు ‘ఈ’, ‘ఉ’ ఒకే గుంపు: ఆగితే నెట్టొచ్చా, ఎవరికి ఫోన్ చేయాలి. ఆ రెండు జవాబులూ ఆ గడి పక్కనే రాసి పెట్టండి.

ఎస్టేట్ మేనేజర్‌కో లాయర్‌కో చేసే టేబుల్ అయితే ఒక వరస అదనంగా కావాలి. మన 1988 మోటారు వాహనాల చట్టం, నడిపేది లైసెన్సు ఉన్న మనిషే అన్న లెక్కతో రాసినది. 2019 సవరణలో చేరిన 2బీ సెక్షన్ పరిశోధన కోసం కొన్ని రకాల వాహనాలకు మినహాయింపు ఇచ్చే అధికారాన్ని కేంద్రానికి ఇచ్చింది. ఈ చట్టం ముఖ్యంగా బయటి రోడ్ల గురించి, కాబట్టి చోటు 3 ఉన్న బండికీ చోటు 1 ఉన్న బండికీ ఇక్కడ చట్టం దారి వేరు.

8. అవసరాలు ఢీకొనే చోట్లు రాయండి, సగటు తీయకండి

ప్రయాణికుడికి బండి పక్కకు జరిగి ఆగాలి, బస్సు డ్రైవర్‌కు బస్ బే (బస్సు ఆగే చోటు) ఖాళీగా ఉండాలి. పోలీసుకు వీడియో కావాలి, వీడియోలో పడ్డ దారినపోయేవాళ్లకు తమ ముఖం ఎవరి దగ్గరా ఉండకూడదు. ఇలాంటివి నాలుగైదు తేలతాయి. కొందరు ఒక్కో సంబంధీకుడికి పదికి ఇన్ని మార్కులని వేసి, కూడి, సగటు తీసి, ఒక బండికి 7.2 అని తేలుస్తారు. దయచేసి ఆ పని చేయకండి. ప్రయాణికుడి సుఖానికి పడిన 10, పాదచారి భద్రతకు పడిన 2ను కప్పేస్తుంది. సగటుకు బదులు, ప్రతి సంబంధీకుడికీ "ఇది లేకపోతే ఒప్పుకోను" అనే ఒక గీత గీసి, ఏ బండి ఎవరి గీత కింద పడిందో రాయండి.

సరిగ్గా వచ్చిందో లేదో ఎలా చూసుకోవాలి

ఇద్దరి పరీక్ష. ఐదో అడుగులోని నిర్వచనాలు, బండ్ల వివరాలు మాత్రమే స్నేహితుడికి ఇవ్వండి. మీ జవాబులు చూపించకండి. అతను విడిగా నింపాక పోల్చండి. 5 బండ్లు, 6 ముఖాలు అంటే 30 గళ్లు. నేను పెట్టుకున్న హద్దు 4, అంతకు మించి తేడా వస్తే నిర్వచనం వదులుగా ఉన్నట్టే. తేడాలన్నీ ఒకే నిలువు వరసలో ఉంటే పని సులువు, ఆ ఒక్క నిర్వచనమే తిరగరాయండి. స్నేహితుడితో వాదించి గెలవడానికి చూడకండి, అతనికి అర్థం కానిది చదివేవాళ్లకూ అర్థం కాదు.

పేరు దాచే పరీక్ష. బండి పేరు మూసి, అంకెల వరస మాత్రమే చూపించి "దీని ముందు రోడ్డు దాటుతావా?" అని అడగండి. అంకెలు చూసి కారణంతో సహా జవాబు చెప్పగలిగితే టేబుల్ పనిచేస్తోంది. "ఏ కంపెనీదో చెప్పు" అంటే ఇంకా పని ఉంది.

పాత ప్రమాదాల పరీక్ష. ఇది తప్పక చేయండి. 2018 మార్చిలో అరిజోనాలోని టెంపీలో ఉబర్ పరీక్ష కారు, సైకిల్ నెట్టుకుంటూ రాత్రిపూట రోడ్డు దాటుతున్న మహిళను ఢీకొని చంపింది. అమెరికా రవాణా భద్రతా బోర్డు దర్యాప్తులో రెండు విషయాలు తేలాయి. క్రాసింగ్ లేని చోట రోడ్డు దాటే మనుషుల్ని ఆ సిస్టమ్ డిజైన్ లెక్కలోకే తీసుకోలేదు. లోపల చూస్తుండాల్సిన ఆపరేటర్ చూపు ఫోన్ మీద ఉంది. ఇప్పుడు మీ షీటు తీయండి. జీబ్రా లేని చోట దాటే మనిషికి రెండో బుట్టలో నోటు ఉందా? మన ఊళ్లో రోడ్డు దాటేవాళ్లలో ఎక్కువమంది ఆ మనుషులే. ఆపరేటర్ చూపు తప్పిపోయే అవకాశం బాధ్యత 1 గడి పక్కన కనబడుతోందా? ఒక్కటి లేకపోయినా మూడో అడుగుకు వెనక్కి వెళ్లండి.

మనిషిని తీసేసే పరీక్ష. జాబితాలోంచి ఒక సంబంధీకుణ్ని చెరిపేసి చూడండి. ఏ ముఖమూ, ఏ గీతా కదలకపోతే, అతణ్ని పేరుకు రాశారే తప్ప అతని మాట వినలేదన్నమాట. "ఇతరులు" అనే వరస ఈ పరీక్షలో ఎప్పుడూ తప్పుతుంది. ఆ వరసే పెట్టకండి, అందులో ఉన్నవాళ్లకు పేర్లు పెట్టండి.

చివరిగా షీటు పైన తేదీ, ప్రతి బండి పక్కన సాఫ్ట్‌వేర్ వెర్షన్ రాయండి. ఈ బండ్లు రాత్రికి రాత్రి అప్‌డేట్ అవుతాయి. నిన్న గేటు లోపలే తిరిగిన షటిల్ రేపు బయటి రోడ్డు మీదికి రావచ్చు. అప్‌డేట్ వచ్చిన రోజున ఆ ఒక్క వరస చెరిపి మళ్లీ నింపండి. చోటు మారిందని తేలితే నోట్‌బుక్ పట్టుకుని ఆ కొత్త రోడ్డు పక్కన ఇంకో గంట నిలబడండి.